ములుకోల మొన నుంచి గుండె గోడ దాకా: ‘కాన్సెంట్రిక్’ అనే మాట కథ

గుండెకు ఎకో పరీక్ష చేయించుకొన్న వారికి ఇచ్చే నివేదికలో, చివరి నాలుగైదు పంక్తులలో, ఒక మాట తరచుగా కనిపిస్తుంది: ‘కాన్సెంట్రిక్ ఎల్‌వీహెచ్’. ఏళ్ళ తరబడి రక్తపోటుతో కాలం గడుపుతున్న ఎందరి కాగితాలలోనో ఇది ఉంటుంది. దానిని చదివినవారు రెండు విధాలుగా స్పందించడం నేను చూస్తూ వచ్చాను. ఒకరు “గుండె పెరిగిపోయిందట” అని ఇల్లంతా కలవరపెడతారు. మరొకరు “పంపింగ్ అరవై శాతం ఉందన్నారు, ఇక మనకేమీ లేదు” అని ఆ కాగితాన్ని బీరువాలో భద్రపరచి మరచిపోతారు. మొదటివారి భయం కన్నా రెండవవారి నిశ్చింతే ఎక్కువ హాని చేస్తుంది. ఎందుచేతనో చెప్పాలంటే ముందు ఆ మాటకు అర్థం తెలియాలి. అర్థం తెలియాలంటే దాని పుట్టుక తెలియాలి. ఆ పుట్టుక ఆసుపత్రిలో జరగలేదు. ఎద్దుల వెనుక జరిగింది.

పాఠశాలలో రేఖాగణితం చదివిన మీకు ‘ఏకకేంద్ర వృత్తాలు’ గుర్తుండే ఉంటాయి. ఒకే బిందువు నుంచి వేర్వేరు వ్యాసార్ధాలతో గీసిన వృత్తాలు అవి. చెరువులో రాయి వేస్తే లేచే అలల వలయాలు, కోసిన మాను మొదలులోని వరసలు, అడ్డంగా తరిగిన ఉల్లిపాయ, అన్నీ ఈ కోవకు చెందినవే. ఇంగ్లీషులో దీనినే కాన్సెంట్రిక్ అంటారు. ‘కాన్’ అంటే కలిసి, కూడి. ‘సెంట్రమ్’ అంటే కేంద్రం. మధ్యయుగపు లాటిన్ పండితులు ‘కాన్సెంట్రికస్’ అని కూర్చిన మాట ఫ్రెంచి మీదుగా సుమారు 1400 నాటికి ఇంగ్లీషులోకి వచ్చింది.

అయితే ‘సెంట్రమ్’ లాటిన్ సొంత సొమ్ము కాదు. అది గ్రీకుల ‘కెంట్రోన్’. గ్రీకు రైతుకు కెంట్రోన్ అంటే చివర మొనతేలిన కర్ర. ఎద్దు మొరాయిస్తే వెనుక నుంచి పొడిచి నడిపించే సాధనం. మన పల్లెలలో దీనిని ములుకోల అంటారు. కొన్ని చోట్ల ముల్లుగర్ర, మునికోల అనీ అంటారు. క్రైస్తవ గ్రంథంలో అపొస్తలుల కార్యముల గ్రీకు మూలంలో ఈ కెంట్రోన్ బహువచన రూపంలో వస్తుంది. తెలుగు అనువాదకులు అక్కడ ‘మునికోల’ అనే చక్కటి మాట వాడారు. ఆ క్రియాధాతువుకు అర్థం ‘పొడుచు, గుచ్చు’ అని.

పొడిచే మొన వృత్తం నడుమకు ఎలా చేరింది? వృత్తలేఖినిని తలచుకోండి. దాని ఒక కాలు కాగితం మీద గుచ్చుకొని కదలకుండా నిలుస్తుంది, రెండవ కాలు చుట్టూ తిరుగుతుంది. ఆ గుచ్చుకొన్న మొనను, అది వేసిన చిన్న రంధ్రాన్ని గ్రీకు గణితజ్ఞులు కెంట్రోన్ అన్నారు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన గ్రంథం రాసేనాటికి ఆ మాట శాస్త్రపదంగా స్థిరపడింది. మూడవ భాగంలో ఆయన నిరూపించిన విషయం ఒకటి మనకు ముందుముందు పనికివస్తుంది: రెండు వృత్తాలు ఒకదానినొకటి ఖండించుకొన్నా, లోపల తాకుకొన్నా, వాటికి ఒకే కేంద్రం ఉండడం అసాధ్యం. తిప్పి చెబితే, కేంద్రాన్ని పంచుకొన్న వృత్తాలు ఎన్నటికీ కలవవు. పొర మీద పొరగా పేరుకొంటాయే తప్ప ఒకదానిలోకి మరొకటి చొరబడవు.

వైద్యులకు ఈ ధాతువుతో మరొక చుట్టరికం ఉంది. పొట్టలో చేరిన నీటిని సూదితో గుచ్చి తీయడాన్ని పారాసెంటిసిస్ అంటాము. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిని తీస్తే థొరాకోసెంటిసిస్. గర్భస్థ శిశువు చుట్టూ ఉండే ఉమ్మనీటిని పరీక్షకు తీస్తే ఆమ్నియోసెంటిసిస్. ఈ ‘సెంటిసిస్’ కూడా ఆ ములుకోల సంతానమే. గుచ్చడం అని దాని అర్థం. జలోదరానికి ఇదే చికిత్సను సుశ్రుతుడు కూడా వర్ణించాడు. వడ్లగింజ మొన వంటి ముఖం గల ‘వ్రీహిముఖం’ అనే శస్త్రంతో, నాభికి దిగువన ఎడమ పక్క నాలుగంగుళాల ఎడంగా గుచ్చి, గొట్టం పెట్టి నీటిని దించమన్నాడు. ఇక్కడి అంగుళం వేలి వెడల్పు. టేపు మీది అంగుళం కాదు. నేటికీ సూది గుచ్చడానికి మేము ఎంచుకొనే చోట్లలో పొట్ట దిగువ ఎడమ భాగమే ప్రధానమైనది.

ఇక మన ‘కేంద్రం’ సంగతి. అది అచ్చమైన సంస్కృతపదమని మనలో చాలామంది అనుకొంటారు. అనుకోవడం సహజమే, ఇంద్ర, చంద్ర, కేంద్ర అని ఒక వరసలో చక్కగా ఒదిగిపోతుంది. నిజానికి అది కెంట్రోన్ అనే గ్రీకు మాటే. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో గ్రీకు జ్యోతిషం సంస్కృతంలోకి వచ్చినప్పుడు, దానితోపాటు ఒక మూట పారిభాషికపదాలూ వచ్చాయి. జాతకచక్రంలో లగ్నం, దాని నుంచి నాలుగు, ఏడు, పది స్థానాలను గ్రీకులు ‘కెంట్రా’ అన్నారు. మనవారు కేంద్రాలు అన్నారు. వాటి పక్క స్థానాలకు పణఫరాలు, ఆ తరువాతి వాటికి ఆపోక్లిమాలు అని పేర్లు. జాతకాలు చూసే పెద్దలకు ఈ మాటలు నేటికీ నోటికి వస్తాయి. అవి గ్రీకువని వారికీ తోచదు. ఏడవ ఇంటికి ఉన్న ‘జామిత్ర’ అనే పేరు గ్రీకుల ‘డయామెట్రోస్’, అంటే వ్యాసం. ‘హోర’ గ్రీకుల హోరా. ఇంగ్లీషు అవర్‌కు అది అక్కచెల్లెలు. వరాహమిహిరుడు ‘అహోరాత్ర’ అనే మాటలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసివేస్తే హోర మిగులుతుందని ఒక వ్యుత్పత్తిని నమోదు చేశాడు. వ్యుత్పత్తి ముచ్చటగా ఉన్నది కాని చరిత్ర వేరు. యవనులకు ఈ శాస్త్రం బాగా తెలుసునని, వారిని ఋషులవలె గౌరవించవచ్చునని అన్న నిష్పాక్షికుడు కూడా ఆయనే.

ఆ వరాహమిహిరుడే బృహజ్జాతకంలో రాశులకు గ్రీకు పేర్లను కూడా ఇచ్చాడు. మేషానికి క్రియ, సింహానికి లేయ, ధనుస్సుకు తౌక్షిక. కుంభరాశికి ఇచ్చిన పేరు చూసినప్పుడు నాకు నవ్వు ఆగలేదు: హృద్రోగం! నీళ్ళు పోసేవాడు అని అర్థం వచ్చే ‘హుద్రోఖోస్’ అనే గ్రీకు మాట సంస్కృతం నోట పలికి పలికి హృద్రోగమైంది. కుంభరాశి వారికి గుండెజబ్బులు ఎక్కువ అని దీనిని పట్టుకొని ఎవరైనా చెబితే నమ్మకండి. రక్తపోటు పన్నెండు రాశులవారికీ వస్తుంది.

చూడండి, ఇక్కడ ఒక పోలిక ఉన్నది. ఇంగ్లీషువారి ‘కాన్సెంట్రిక్’లో లాటిన్ ఉపసర్గకు గ్రీకు మాట అతికింది. మన ‘ఏకకేంద్రం’లో సంస్కృతపు ‘ఏక’కు ఆ గ్రీకు మాటే అతికింది. రెండు భాషలూ ఒకే అంగడిలో సరుకు కొని, ఎవరింటి మూత వారు పెట్టుకొన్నాయి. ఆ మాటే మనకు కేంద్రప్రభుత్వమైంది, పరీక్షాకేంద్రమైంది. 1946లో భోర్ కమిటీ నివేదిక సిఫారసు చేసిన తరువాత, 1952 నుంచి దేశంలో వెలసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల బోర్డుల మీదికీ ఎక్కింది. నా ఉద్యోగంలో తొలి ఏళ్ళు అటువంటి కేంద్రంలోనే గడిచాయి. మాత్ర ఇస్తే “సూది లేదా అయ్యా?” అని నిరాశగా అడిగే రోగులు అక్కడ నిత్యమూ ఉండేవారు. బోర్డు మీది మాటకు మూలార్థం ‘గుచ్చే మొన’ అని ఆనాడు తెలిసి ఉంటే వారి పక్షాన ఒక ఆధారం దొరికేది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన సిద్ధాంతగ్రంథాలలో మందకేంద్రం, శీఘ్రకేంద్రం అని వచ్చేచోట కేంద్రమంటే ఒక కోణం, వృత్తం నడిమి బిందువు కాదు. నడిమి బిందువుకు ‘మధ్యం’ అనేవారు. మరి ఒకే మధ్యం గల వృత్తాల భావన మనవారికి లేదా? పుష్కలంగా ఉన్నది. పురాణాలలో జంబూద్వీపం చుట్టూ ఉప్పు సముద్రం, దాని చుట్టూ మరొక ద్వీపం, దాని చుట్టూ చెరుకురసపు సముద్రం, ఇలా ఏడేసి వలయాలు. తొమ్మిదవ శతాబ్దపు గణితజ్ఞుడు మహావీరాచార్యుడు రెండు వృత్తాల మధ్య మిగిలే కంకణాకార క్షేత్రాన్ని చక్రవాలవృత్తం అన్నాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు భూమిని మధ్యంగా గల వృత్తాన్ని కక్ష్యామండలమని, మధ్యం పక్కకు జరిగిన వృత్తాన్ని ప్రతిమండలమని విడదీసి చెప్పాడు. నేటి భాషలో మొదటిది ఏకకేంద్రం, రెండవది ఉత్కేంద్రం.

గ్రహకక్ష్యల నడుమ భూమి ఎలా నిలిచి ఉందో చెప్పడానికి ఆర్యభటుడు ఎంచుకొన్న ఉపమానం ‘మేధి’. కళ్ళంలో పంట నూర్చేటప్పుడు నడుమ పాతే గుంజ అది. దానికి కట్టిన పశువులు చుట్టూ తిరుగుతాయి. లోపలి ఎద్దుకు చిన్న చుట్టు, బయటి ఎద్దుకు పెద్ద చుట్టు. గ్రీకు రైతు ఎద్దు వెనుక కర్ర నుంచి ఒక మాట పుట్టింది, మన రైతు ఎద్దు ముందరి గుంజ నుంచి ఒక పోలిక పుట్టింది. రెండింటి కిందా ఉన్నది ఒకే దృశ్యం.

ఆకాశాన్ని ఏకకేంద్ర గోళాలుగా ఊహించడంలో గ్రీకులు చాలా దూరం పోయారు. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలో యూడాక్సస్ భూమి చుట్టూ ఇరవైయేడు గోళాలను పేర్చాడు. ఉల్లిపాయలో పొరలవలె ఒకదాని లోపల ఒకటి. అరిస్టాటిల్ వాటిని ఇంకా పెంచాడు. చూడడానికి అందమైన నిర్మాణం. కాని ఒక లోపం. కేంద్రం ఒకటే అయితే గ్రహం ఎప్పుడూ భూమికి అంతే దూరంలో ఉండాలి. మరి అంగారకుడు కొన్ని నెలలు కాంతిమంతంగాను, కొన్ని నెలలు మసకగాను ఎందుకు కనిపిస్తాడు? దీనికి జవాబు లేకనే క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో టాలెమీ కేంద్రాన్ని పక్కకు జరిపిన వృత్తాలను స్థిరపరిచాడు. అవే ‘ఎక్సెంట్రిక్’ వృత్తాలు. నలుగురితో కలవని విచిత్రమైన మనిషిని ఎక్సెంట్రిక్ అనడం ఆ తరువాత వచ్చిన వాడుక.

ఈ కథలో నాకు ఇష్టమైన ఘట్టం పదహారవ శతాబ్దంలో ఉన్నది. అందులో నాయకుడు ఒక వైద్యుడు. వెరోనా నగరానికి చెందిన గిరోలామో ఫ్రకస్టోరో. సిఫిలిస్ వ్యాధికి ఆ పేరు ఆయన 1530లో రాసిన కావ్యం వల్లనే వచ్చింది. అందులో సిఫిలస్ అనే గొర్రెలకాపరి ఒక పాత్ర. 1546లో ఆయన అంటువ్యాధుల మీద రాసిన గ్రంథంలో వ్యాధిబీజాలు తాకడం వల్ల, వాడిన బట్టలవంటి వస్తువుల వల్ల, దూరం నుంచి కూడా వ్యాపిస్తాయని మూడు మార్గాలు చెప్పాడు. సూక్ష్మదర్శిని లేని కాలంలో! ఈ రెండింటికీ నడుమ, 1538లో, ఆయన ఖగోళం మీద ఒక పుస్తకం ప్రకటించాడు. దాని పేరు ‘హోమోకెంట్రికా’. హోమో అంటే సమానమైన. పేరులోనే ఏకకేంద్రం ఉన్నది. టాలెమీ పక్కకు జరిపిన కేంద్రాలన్నింటినీ తీసివేసి, డెబ్బైకి పైగా ఏకకేంద్ర గోళాలతో విశ్వాన్ని మళ్ళీ కట్టాలని ఆయన ప్రయత్నం. మరి గ్రహాల కాంతి మారడం? నడుమనున్న గోళాల పదార్థం ఒకచోట పలుచగా, ఒకచోట చిక్కగా ఉంటుందని సమాధానం చెప్పుకొన్నాడు. అందమైన సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి లక్షణాన్ని సర్దడం అది. ఈ బలహీనత వైద్యులలో నేటికీ ఉన్నదని మనవి చేస్తున్నాను.

సరిగా అయిదేళ్ళకు, 1543లో, పాడువాలో ఒకప్పుడు వైద్యం చదివిన కోపర్నికస్ గ్రంథం వెలువడింది. ఫ్రకస్టోరో చదువు కూడా పాడువాలోనే. కోపర్నికస్ తన పీఠికలో ఏకకేంద్ర వృత్తాలవారినీ, ఉత్కేంద్ర వృత్తాలవారినీ ఇద్దరినీ తప్పుపట్టి, భూమినే నడుమ నుంచి కదిపాడు. 1609లో కెప్లర్ వచ్చి అసలు వృత్తాలే కావని, దీర్ఘవృత్తాలని తేల్చాడు. ఏకకేంద్రం ఆకాశంలో ఓడిపోయింది.

కాని శరీరంలో నిలబడింది. 1691లో ఇంగ్లండు వైద్యుడు క్లాప్టన్ హేవర్స్ ఎముకల మీద తన గ్రంథాన్ని ప్రకటించాడు. ఎముకలో రక్తనాళాలు నడిచే సన్నని కాలువలకు, వాటి చుట్టూ పొరలు పొరలుగా అమరిన వలయాలకు వైద్యులు నేటికీ ఆయన పేరే వాడుతున్నారు. ఎముక అంత గట్టిగా, అయినా పెళుసుగా కాకుండా ఉండడానికి ఆ వలయాల అమరిక ఒక కారణం. పగులు ఒక పొర దాటి మరొక పొరకు చేరే లోపల దాని బలం సన్నగిల్లుతుంది. వేలికొనలలో చర్మం లోతున, కంపనాన్ని పసిగట్టే పాచినీ కణికలు ఉంటాయి. కోసి చూస్తే అచ్చం చిన్న ఉల్లిపాయలు. వాటిని వర్ణించిన ఫిలిప్పో పాచినీయే 1854లో కలరా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూసి ప్రకటించాడు. లోకం పట్టించుకోలేదు.

చర్మం మీద తామరకు సంబంధించిన ఒక బూజు జాతికి పేరే ‘ట్రైకోఫైటాన్ కాన్సెంట్రికం’. పసిఫిక్ దీవులలో ఎక్కువగా కనిపించే ఆ తామరలో చర్మం నిండా వలయంలో వలయంగా పొలుసులు లేస్తాయి. మామూలు తామర కూడా నడుమ నుంచి బయటికి పాకుతుంది. మన దగ్గర నడుమ మానుతూ అంచు మాత్రమే ఎర్రగా మిగులుతుంది. అంచునే చూసి మందు రాసి, నడుమ మానిందని ఆపివేస్తే అది మళ్ళీ తిరుగుతుంది. దుకాణంలో అడిగి తెచ్చుకొనే స్టెరాయిడ్ కలిసిన పూత మందులు రాస్తే వలయం లోపల వలయం మొదలవుతుంది. ఇప్పుడు చర్మవైద్యులు ఈ రూపాన్ని చాలా ఎక్కువగా చూస్తున్నారు.

ఇక్కడ మాట అర్థం ఒక మలుపు తిరిగింది, దయచేసి గమనించండి. కాన్సెంట్రిక్ అంటే ‘ఒకే కేంద్రం గల’ అని చెప్పుకొన్నాము. వైద్యంలో అది మెల్లగా ‘కేంద్రం వైపుగా’ అనే అర్థాన్ని కూడా సంతరించుకొన్నది. నీటికుండలో దృష్టి అడుగుకు మాత్రమే పరిమితమైనట్లు, కొన్ని కంటిజబ్బులలో చూపు అంచుల నుంచి నడుమకు కుంచించుకొనిపోతుంది. దానిని కాన్సెంట్రిక్ సంకోచం అంటారు. కండరం విషయంలోనూ అంతే. మెట్లు ఎక్కేటప్పుడు తొడ కండరం పొట్టిదవుతూ పనిచేస్తుంది, దాని రెండు కొసలూ నడుమకు దగ్గరవుతాయి. అది కాన్సెంట్రిక్ సంకోచం. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువును ఆపుతుంది, అది ఎక్సెంట్రిక్. కొండ ఎక్కినప్పుడు ఆయాసం, దిగిన మరునాడు తొడల నొప్పులు అని మీరు అనుభవించి ఉంటారు. ఆ నొప్పులకు ప్రధాన కారణం దిగడం.

గుండెకు ఈ రెండవ అర్థమే ముందుగా వర్తించింది. పందొమ్మిదవ శతాబ్దం తొలి దశాబ్దాలలో పారిస్ వైద్యులు శవపరీక్షలలో గుండెలను కొలుస్తూ, గోడ మందమెక్కడంలో తేడాలు ఉన్నాయని గుర్తించారు. 1824 నాటి బెర్తాఁ గ్రంథంలో ఆ విభజన స్పష్టంగా కనిపిస్తుంది. గోడ మందమెక్కి లోపలి గది మామూలుగా ఉంటే ఒక రకం. గది కూడా విశాలమైతే ఎక్సెంట్రిక్. గోడ లోపలి వైపుకు పెరిగి గదిని ఇరుకు చేస్తే కాన్సెంట్రిక్. దీనిని వెంటనే అందరూ ఒప్పుకోలేదు. చనిపోయిన తరువాత గుండె బిగుసుకొనడం వల్ల గది చిన్నదిగా కనిపిస్తున్నదే తప్ప, బతికి ఉండగా అటువంటి గుండె లేదని క్రువేయె వంటి ఉద్దండులు వాదించారు. న్యాయమైన సందేహమే. బతికి ఉన్న మనిషి గుండె గోడను కొలిచే సాధనం ఆనాడు లేదు.

జవాబు విడివిడి ముక్కలుగా వచ్చింది. లండన్‌లో రిచర్డ్ బ్రైట్ మూత్రపిండాలు చెడిన రోగులలో, కవాటాలు బాగున్నా ఎడమ జఠరిక గోడ మందమై ఉండడం చూసి 1836లో రాశాడు. రక్తంలో ఏదో మార్పు గుండె మీద భారం వేస్తున్నదని ఊహించాడు. ఆ భారాన్ని కొలవడానికి 1896లో రివా-రోచ్చి చేతికి చుట్టే పట్టీని తయారు చేశాడు. 1905లో కొరొట్‌కోఫ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వినడం నేర్పాడు. నేటికీ మీ పోటును అలాగే చూస్తున్నాము. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు, ఓడల లోహపు పలకలలో పగుళ్ళు వెతికే అతిధ్వని యంత్రాన్ని మనిషి ఛాతీ మీద పెట్టి, కొట్టుకొంటున్న గుండె గోడ కదలికను చూశారు. క్రువేయె సందేహం తీరడానికి శతాబ్దానికి పైగా పట్టింది.

ఇప్పుడు మీ చేతిలోని కాగితానికి వద్దాము. గుండె ఎడమ జఠరిక ఒక గది. రక్తపోటు ఎక్కువగా ఉంటే ప్రతి కొట్టుకోలులోనూ ఆ గది ఎక్కువ ఒత్తిడికి ఎదురొడ్డి రక్తాన్ని నెట్టాలి. గోడలోని ప్రతి కండరపోగు మీద పడే భారం గదిలోని ఒత్తిడి, గది వ్యాసార్ధం పెరిగినకొద్దీ పెరుగుతుంది. గోడ మందం పెరిగినకొద్దీ తగ్గుతుంది. ఇది లాప్లాస్ సూత్రం. ఒత్తిడిని గుండె తగ్గించలేదు. కనుక తన చేతిలో ఉన్న పని చేస్తుంది, గోడను మందం చేసుకొంటుంది. కళాసీ భుజం బరువులు మోసి మోసి బలిసినట్లు ఇది మొదట్లో సర్దుబాటే. అయితే ఆ కండరంతో పాటు నారపదార్థం కూడా పెరిగి గోడ బిరుసెక్కుతుంది. నెట్టే బలం తగ్గదు, అందుకే ‘పంపింగ్ అరవై శాతం’ అని వస్తుంది. తగ్గేది సడలే గుణం. సడలని గది నిండదు; నిండని గది వెనుక ఊపిరితిత్తులలో ఒత్తిడి పెరుగుతుంది; మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. పంపింగ్ బాగుండి కూడా గుండె వైఫల్యం రావచ్చునని నేను రోగులకు చెబితే నమ్మేవారు తక్కువ.

ఎకోలో దీనిని లెక్కగట్టే పద్ధతి సులువు. జఠరిక వెనుక గోడ మందాన్ని రెట్టింపు చేసి, గుండె సడలినప్పటి గది వ్యాసంతో భాగించాలి. ఫలితం 0.42 దాటి, గుండె మొత్తం కండర ద్రవ్యరాశి కూడా ఎక్కువైతే అది కాన్సెంట్రిక్ హైపర్‌ట్రఫీ. ద్రవ్యరాశి ఇంకా మామూలుగానే ఉండి నిష్పత్తి మాత్రం పెరిగితే కాన్సెంట్రిక్ రీమోడలింగ్. అంటే మార్పు మొదలైంది అని. ఉదాహరణకు గోడ 9 మి.మీ., గది 46 మి.మీ. ఉంటే నిష్పత్తి 0.39. గోడ 13 మి.మీ., గది 44 మి.మీ. ఉంటే 0.59. ఆరోగ్యవంతులలో గోడ మందం పురుషులకు 10 మి.మీ., స్త్రీలకు 9 మి.మీ. దాటదు. మీ నివేదికలో ఈ అంకెలు ఉంటాయి. చదువుకొన్న మీ పిల్లలు లెక్కవేయగలరు. ఈసీజీ మాత్రమే చేసి గోడ బాగుందని నిర్ధారించడం సరికాదు. మందమెక్కిన గుండెలలో చాలా వాటిని ఈసీజీ పట్టుకోలేదు.

అదే పోటు మూత్రపిండాలలో ఏమి చేస్తుందో చూడండి. పోటు విపరీతమై ప్రాణాంతక స్థాయికి చేరినప్పుడు అక్కడి చిన్న ధమనుల గోడలో కండరకణాలు వలయం మీద వలయంగా పేరుకొంటాయి. సూక్ష్మదర్శిని కింద అది తరిగిన ఉల్లిపాయే. పుస్తకాలలో దాని పేరు కూడా ‘ఉల్లిపొర’ మార్పు అనే. నడుమ మిగిలిన దారిలో రక్తం పారడం కష్టమవుతుంది. బ్రైట్ 1836లో గుండెను, మూత్రపిండాన్ని ఒకే వ్యక్తిలో కలిపి చూసింది యాదృచ్ఛికం కాదు.

గోడ మందం కేవలం ఒక అంకె కాదని తెలిపిన పరిశోధనలలో ముఖ్యమైనది అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో జరిగింది. 1990లో వెలువడిన ఆ ఫలితాలలో, ఎడమ జఠరిక ద్రవ్యరాశి ఎక్కువైన వారికి ఆ తరువాతి సంవత్సరాలలో గుండెజబ్బులు, మరణాలు ఎక్కువని తేలింది; వయస్సు, పోటు మొదలైన ఇతర కారణాలను పక్కన పెట్టి చూసినా కూడా. పక్షవాతానికి, గుండె లయ తప్పడానికి కూడా ఇది దారి తీస్తుంది.

మంచి వార్త ఏమిటంటే ఈ గోడ వెనుకకు తగ్గుతుంది. 2002లో ప్రకటించిన ‘లైఫ్’ అనే పరిశోధనలో గోడ మందమెక్కిన, పోటు గల తొమ్మిది వేల మందికి పైగా రోగులకు లోసార్టాన్ లేదా అటెనొలాల్ ఇచ్చి చూశారు. లోసార్టాన్ వాడినవారిలో మందం ఎక్కువగా తగ్గింది, పక్షవాతాలు కూడా తక్కువగా వచ్చాయి. ఇది చదివి ఎవరూ తమంతట తాము మందు మార్చుకోకండి. గర్భవతులకు ఆ మందు నిషిద్ధం. మూత్రపిండాల నాళాలు ఇరుకైనవారికి ప్రమాదం. మీ వైద్యుని అడగండి. ఉప్పు రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో ఉప్పు తగ్గించి, ఆవకాయ, అప్పడం, ఎండుచేప మాత్రం యథాప్రకారం సాగించేవారు తమను తాము మోసగించుకొంటున్నారు.

పోటు ఎప్పుడూ మామూలుగానే ఉండి గోడ మాత్రం మందంగా ఉన్నదంటే కథ వేరు. బృహద్ధమని కవాటం ఇరుకుదనం, వంశపారంపర్యంగా వచ్చే కండరవ్యాధి, గోడలో అమిలాయిడ్ పేరుకోవడం వంటి కారణాలను వెతకాలి. వంశపారంపర్య వ్యాధిలో సాధారణంగా గోడ ఒకవైపే, జఠరికల నడిమి గోడ దగ్గర, ఎక్కువగా బలుస్తుంది. నివేదికలో ‘కాన్సెంట్రిక్’ అన్నారా, ‘ఎసిమెట్రిక్’ అన్నారా అని చూడవలసింది ఇందుకే. రెండవ మాట ఉంటే మీ పిల్లలకూ, తోబుట్టువులకూ పరీక్ష అవసరం కావచ్చును.

పాఠ్యపుస్తకాల ‘ఏకకేంద్రం’ ఇక్కడ తెలుగులో సరిపోదని నా అభిప్రాయం. గోడ చుట్టూ సమంగా ఉన్నదనే అర్థం మాత్రమే అందులో వస్తుంది. లోపలికి వచ్చిందనే సంగతి పోతుంది. ‘లోపలికి మందమెక్కిన గుండె’ అంటే నా రోగులకు ఒక్కసారికే అర్థమయ్యేది. బీరువాలోని ఆ పాత ఎకో కాగితాన్ని తీయండి. గోడ మందం, గది వ్యాసం, తేదీ ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. పోటును ఒక ఏడాది అదుపులో ఉంచిన తరువాత మీ వైద్యుడు మళ్ళీ ఎకో చేయిస్తే, వీలైనంతవరకు అదే చోట చేయించి, కొత్త అంకెలను పాతవాటి పక్కన రాయండి. ఒక్క మిల్లీమీటరు తేడాకే సంతోషించవద్దు, కలవరపడవద్దు. కొలిచే చేతిని బట్టి అంత తేడా వస్తుంది.